జిర్కోనియా క్యాప్ మళ్ళీ మళ్ళీ ఊడిపోతోంది, తప్పు సిమెంటుదేనా?

అంబాజీపేట_మాస్టారు:

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, హైస్కూల్లో సోషల్ చెబుతాను. కుడివైపు కింద దవడలో చివరి పన్ను పుచ్చిపోతే రూట్ కెనాల్ చేయించి, దాని మీద జిర్కోనియా క్యాప్ వేయించుకున్నాను. పంటి రంగులోనే ఉంటుంది, పగలదు, ఏళ్ళ తరబడి దాని గురించి ఆలోచించక్కర్లేదు అన్నారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో పిల్లలతో పాటు నేనూ ఒక జీడి నోట్లో వేసుకున్నాను. నమిలానో లేదో క్యాప్ జీడికి అంటుకుని బయటికొచ్చేసింది. వేసిన డాక్టరు గారి దగ్గరికే పట్టుకెళ్తే లోపల గీకి, మళ్ళీ అంటించి పంపారు. ఆ తర్వాత జీళ్ళ జోలికీ, తాండ్ర జోలికీ పోలేదు. అయినా మొన్న పొద్దున ఇడ్లీ తింటుంటే నాలుక మీదికి వచ్చి పడింది.

ఆయన "సిమెంట్ సరిగ్గా పట్టలేదండి, ఇంకోసారి పెడదాం" అంటున్నారు. అమలాపురంలో ఇంకొకరిని అడిగితే "మామూలు సిమెంటుతో జిర్కోనియా నిలవదు, రెసిన్ సిమెంట్ వెయ్యాలి, దాని ఖర్చు వేరే" అన్నారు. మా పక్కింటి పెద్దాయన మాత్రం పాతకాలపు మెటల్ క్యాప్‌తో చెరుకు ముక్కలు నములుతున్నారు. అందులో ఏ సిమెంట్ ఉందో ఆయనకే తెలీదు.

సిమెంటుకీ సిమెంటుకీ నిజంగా అంత తేడా ఉంటుందాండి? రోజంతా పాఠం చెప్పేవాణ్ణి, క్యాప్ మాటల మధ్యలో గొంతులోకి జారుతుందేమోనని భయంగా ఉంటోంది. ఇంకో సంగతి, మా ఆవిడకి పైన ముందు పళ్ళు రెండింటికి ఈమ్యాక్స్ క్యాపులు వెయ్యాలన్నారు. వాటికీ ఇదే సిమెంటా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.


రాజోలు_పళ్ళ_డాక్టర్:

మాస్టారూ, నేను ప్రోస్తోడాంటిస్ట్‌ని, అంటే క్యాపులు, కట్టుడు పళ్ళు చూసేదాన్ని, రాజోలులో ప్రాక్టీసు. ఊడిన క్యాపులు నా టేబుల్ మీదికి కాగితం పొట్లాల్లో, అగ్గిపెట్టెల్లో వస్తూనే ఉంటాయి. ముందు మీరొక పని చెయ్యండి. క్యాప్‌ని వెలుతురులోకి తీసుకెళ్ళి లోపలికి చూడండి. తెల్లటి సిమెంట్ పొర క్యాప్ గోడలకి అంటుకుని ఉందా, లేక క్యాప్ లోపలంతా ఖాళీగా ఉండి సిమెంట్ పంటి మోడు (క్యాప్ కోసం అరగదీశాక మిగిలిన పన్ను) మీదే ఉండిపోయిందా? మోడు మీకు కనబడదు కాబట్టి ఫోన్ టార్చి వేసి ఇంట్లో ఎవరినైనా చూడమనండి.

నేను మొదట చూసేది ఇదే. సిమెంట్ క్యాప్‌లో ఉండిపోయిందంటే పట్టు తెగింది పంటి దగ్గర. మోడు మీద ఉండిపోయిందంటే తెగింది సెరామిక్ దగ్గర. అటు కొంత, ఇటు కొంత ఉంటే సిమెంటే మధ్యలో విరిగింది. దేని వైద్యం దానిదే. ఇది చూడకుండా గీకేస్తే ఉన్న ఒక్క సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది. అందుకే ఊడిన క్యాప్‌ని ఇంట్లో గుండుసూదితో శుభ్రం చేసి తేవద్దని అందరికీ చెబుతుంటాను.

ఇక మీ ప్రశ్న. తేడా ఉంది, కానీ క్యాప్‌ని నిలబెట్టేది ముందు అరగదీసిన పంటి ఆకారం, ఆ తర్వాతే సిమెంట్. స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే లాగలేక అవస్థ పడతాం చూడండి, గోడలు నిటారుగా ఉంటే అంత పట్టు. వెడల్పు మూతి గ్లాసులైతే ఇట్టే వచ్చేస్తాయి. పంటి గోడలు పైకి వెళ్ళేకొద్దీ ఎంత లోపలికి వాలితే పట్టు అంత త్వరగా పడిపోతుందని 1955లోనే యోర్గెన్‌సెన్ అనే డెన్మార్క్ పరిశోధకుడు కొలిచి చూపించాడు. దవడ పళ్ళకి మోడు ఎత్తు కనీసం 4 మిల్లీమీటర్లు, మిగతా పళ్ళకి 3 ఉండాలని మాకు చెబుతారు. మీది చివరి పన్ను. అవి పుట్టుకతోనే పొట్టివి. అంత లోపలికి నోరు తెరుచుకోదు, మెషిన్ నిటారుగా దిగదు, ఒరిగిపోతుంది, గోడలు వాలిపోతాయి. పైగా పుచ్చి, రూట్ కెనాల్ అయిన పన్నులో అసలు పంటి భాగం ఎంత మిగిలిందో కూడా చూడాలి. చివరి పన్ను క్యాపులు ఎక్కువగా ఊడటానికి నేను చూసిన కారణం ఇదే.

మీ పక్కింటి పెద్దాయన క్యాప్‌లో ఉన్నది బహుశా జింక్ ఫాస్ఫేట్. వందేళ్ళు దాటిన సిమెంట్. జింక్ ఆక్సైడ్ పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో గాజు పలక మీద కలుపుతారు. అది పంటికీ అంటుకోదు, లోహానికీ అంటుకోదు. రెండింటి మీదా ఉన్న సన్నటి గరుకుల్లోకి దిగి గట్టిపడి, జారకుండా పట్టుకుంటుంది, అంతే. అలా ఉండి కూడా దశాబ్దాలు నిలిచిందంటే ఆ పన్ను అరగదీసిన చెయ్యి మంచిదన్నమాట. పంటిలోని కాల్షియంతో రసాయనికంగా కలిసే సిమెంట్ మొదటిసారి 1968లో వచ్చింది, జింక్ పాలీకార్బాక్సిలేట్. 1972లో లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాల నుంచి విల్సన్, కెంట్ గ్లాస్ అయానమర్ తెచ్చారు. మన ఊళ్ళలో మామూలు సిమెంట్ అంటే ఎక్కువగా ఇదే. పంటిని పట్టుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది, ధరా అందుబాటులో ఉంటుంది. గట్టిపడే మొదటి నిమిషాల్లో ఉమ్మి తగిలితే మాత్రం అంచులు పాడైపోతాయి.

ఇక్కడ మన వాతావరణం సంగతొకటి చెప్పాలి, పుస్తకాల్లో ఒక వాక్యంతో వదిలేస్తారు. జింక్ ఫాస్ఫేట్ కలిపే గాజు పలక చల్లగా ఉండాలి, లేకపోతే ఆ వేడికి చేతిలోనే గట్టిపడిపోతుంది. కానీ జూన్‌లో, ఏరువాక ముందటి ఉక్కలో, ఫ్రిజ్‌లోంచి తీసిన పలకకి చూస్తుండగానే చెమట పడుతుంది. ఆ నీరు లిక్విడ్‌లో కలిసిందా, సిమెంట్ ఇంకా తొందరగా బిగుసుకుంటుంది, బలమూ తగ్గుతుంది. కాబట్టి పలక చల్లగానూ ఉండాలి, పొడిగానూ ఉండాలి. గోదావరి లంకల పక్కన ప్రాక్టీసు చేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. రెసిన్ సిమెంటుకీ, అంటే ప్లాస్టిక్ జాతి జిగురుకీ, ఉంది బాధ. కరెంటు పోయి గది వేడెక్కితే అది త్వరగా చిక్కబడి, క్యాప్ పూర్తిగా దిగకముందే ఆగిపోతుంది. అంచు దగ్గర వెంట్రుక మందం తేడా వస్తే చాలు, కొరికినప్పుడల్లా ఆ పంటి మీదే ముందు బరువు పడుతుంది.

ఇప్పుడు సెరామిక్ సంగతి. మీది జిర్కోనియా, మీ ఆవిడ గారిది లిథియం డైసిలికేట్, అంటే ఈమ్యాక్స్. పేరుకి రెండూ సెరామిక్కే, అంటించే పద్ధతిలో మాత్రం పోలిక లేదు. ఈమ్యాక్స్‌లో గాజు ఉంటుంది. 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం 20 సెకన్లు పెడితే ఆ గాజు కొంత కరిగి లోపలి వైపు నున్నటి మెరుపు పోయి సుద్ద రంగుకి తిరుగుతుంది. దాని మీద సైలేన్ రాస్తే అది ఒక కొస గాజుని, ఇంకో కొస రెసిన్‌ని పట్టుకుంటుంది. అందుకే ముందు పళ్ళకి, పల్చటి ఈమ్యాక్స్‌కి రెసిన్ సిమెంట్ వేస్తేనే న్యాయం. వెనకాల అలా అంటుకుని ఉంటే పల్చటి సెరామిక్ కూడా తేలిగ్గా పగలదు. ఇంకో మాట, అది వెలుతురు దూరే పదార్థం కాబట్టి కింద సిమెంట్ రంగు పైకి తెలుస్తుంది. ట్రై-ఇన్ పేస్టుతో (అంటించకుండా రంగు మాత్రం చూసే పేస్టు) రంగు చూపించి, అద్దం చేతికిచ్చి, ఆవిడ సరేనన్నాకే అంటించమనండి.

జిర్కోనియాలో గాజు లేదు. ఆ ఆమ్లం ఎంతసేపు పెట్టినా దానికి లెక్క లేదు. 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని తక్కువ గాలి ఒత్తిడితో లోపల కొట్టి గరుకు చేసి, ఎండీపీ ఉన్న ప్రైమర్ (సిమెంటుకి ముందు రాసే పూత) గానీ, ఎండీపీ ఉన్న సిమెంట్ గానీ వాడాలి. ఎండీపీ అణువుకి ఒక చివర ఫాస్ఫేట్ ఉంటుంది, అది జిర్కోనియాని పట్టుకుంటుంది. రెండో చివర రెసిన్‌లో కలిసిపోతుంది. జపాన్ వాళ్ళు 1983లో పానావియా సిమెంటుతో దీన్ని బయటికి తెచ్చారు, అప్పట్లో లోహాల కోసం. తర్వాత జిర్కోనియా వచ్చాక దాని విలువ ఇంకా పెరిగింది.

అన్నిటికంటే ఎక్కువ చెడిపోయేది ఇక్కడే. క్యాప్ ట్రయల్ వేసినప్పుడు లోపల ఉమ్మి తగులుతుంది. ఉమ్మిలోనూ ఫాస్ఫేట్లు ఉంటాయి, అవి వెళ్ళి ఎండీపీ కూర్చోవలసిన చోట ముందే కూర్చుంటాయి. నీళ్ళతో కడిగితే పోవు. కొందరు అలవాటు కొద్దీ పంటికి వాడే ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్‌తో శుభ్రం చేస్తారు, అందులో ఉన్నదీ ఫాస్ఫేటే, ఇంకా చేటు. ట్రయల్ అయ్యాక మళ్ళీ పొడి కొట్టాలి, లేదా జిర్కోనియా కోసమే వచ్చే క్లీనింగ్ పేస్టు వాడాలి. మంచి రెసిన్ సిమెంటుకి డబ్బు తీసుకుని ఈ మెట్టు వదిలేస్తే పేషెంటు ఆ డబ్బు నష్టపోయినట్టే. నాకు బాధ కలిగించేది ఇదే.

క్యాప్ లోపల ఏం కనబడిందో రాయండి.


కాకినాడ_సీనియర్_డెంటిస్ట్:

డాక్టరమ్మ గారు చెప్పింది చాలావరకు బాగుంది. ఒక్కచోట నా మాట వేరు. "మామూలు సిమెంటుతో జిర్కోనియా నిలవదు" అని మాస్టారుకి ఎవరో చెప్పారట, దాన్ని గట్టిగా కాదనాలి. జిర్కోనియా దానంతటదే బలమైన పదార్థం, ఈమ్యాక్స్‌లా వెనక నుంచి రెసిన్ ఆసరా దానికి అక్కర్లేదు. మోడు బాగుంటే రెసిన్ కలిసిన గ్లాస్ అయానమర్ చాలు.

ఊరికే అనడం లేదు. 2006లో అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు తీసేసిన దవడ పళ్ళ మీద జిర్కోనియా క్యాపులు వేసి, వేడినీళ్ళలో చన్నీళ్ళలో మార్చి మార్చి 5,000 సార్లు ముంచి, తర్వాత మెషిన్‌తో లాగి చూశారు. ప్రైమర్‌తో కూడిన రెసిన్ సిమెంట్ 5.1 మెగాపాస్కల్స్ లాగుడుకి ఊడింది, రెసిన్ కలిసిన గ్లాస్ అయానమర్ 6.1, తనంతట తానే అంటుకునే రెసిన్ సిమెంట్ 5.0. మూడింటి మధ్యా లెక్కలోకి తీసుకోదగ్గ తేడా లేదు.

రెసిన్‌కి వేరే కష్టమూ ఉంది. చిగురు కిందికి జారిన రెసిన్ ముక్క గట్టిపడ్డాక కనబడదు, చేతికి రాదు. అక్కడే గార పట్టి చిగురు వాచి రక్తం కారుతుంది. గ్లాస్ అయానమర్ అయితే రబ్బరులా ఉన్న దశలో చిట్లగొట్టి తీసెయ్యవచ్చు. రేపు ఆ పంటికి మళ్ళీ రూట్ కెనాల్ చెయ్యాల్సొస్తే, రెసిన్‌తో అంటించిన జిర్కోనియాని డైమండ్ బర్‌తో కోసి తియ్యడం ఎంత పనో చేసేవాళ్ళకే తెలుసు. చివరి పన్ను దగ్గర నాలుక, ఉమ్మి అదుపులో పెట్టడమే కష్టం, అక్కడ రెసిన్‌కి కావలసినంత పొడితనం ఎవరికి సాధ్యం? అవసరం లేని చోట ఖరీదైన సిమెంట్ రాసి పేషెంటుని భయపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.


రాజోలు_పళ్ళ_డాక్టర్:

సార్, ఆ పరీక్ష నాకు తెలుసు, నా విద్యార్థులకీ చూపిస్తాను. అందులో గోడలు 20 డిగ్రీలు వాలి ఉన్నా మోడు ఎత్తు 4 మిల్లీమీటర్ల దాకా ఉంది. అంత ఎత్తుంటే మీరన్నట్టే నేనూ రెసిన్ కలిసిన గ్లాస్ అయానమరే వేస్తాను. ఎత్తు 2, రెండున్నర దగ్గర ఆగిపోయిన పంటికి ఆ అంకెలు తెచ్చి ధైర్యం చెప్పలేను. అక్కడ క్యాప్ పైకి లేవడం కంటే పక్కకి ఒరిగి ఊడుతుంది. జీడి చేసేదీ అదే, ఒక పక్క పట్టుకుని ఎత్తుతుంది. అలాంటి చోట బాండింగ్, అంటే రెసిన్‌తో అంటించడం, అవసరమే. ఉమ్మి అదుపులో పెట్టలేకపోతే మాత్రం రెసిన్ వద్దన్న మీ మాటతో నాకు పేచీ లేదు.


భీమవరం_ల్యాబ్_టెక్నీషియన్:

నమస్తే అండి. క్యాపులు తయారుచేసే వైపు నుంచి ఒక మాట.

మాకు వచ్చే స్కాన్ తిప్పి చూడగానే ఏది నిలుస్తుందో, ఏది ఊడుతుందో చాలావరకు అర్థమైపోతుంది. కంప్యూటర్‌లో డిజైన్ చేసేటప్పుడు క్యాపుకీ పంటికీ మధ్య సిమెంట్ కోసం ఖాళీ వదులుతాం, మామూలుగా 50 మైక్రాన్ల చుట్టుపక్కల. పొట్టి మోడుకి ఆ ఖాళీ ఎంత తక్కువైతే అంత మంచిది. కానీ "లూజుగా చెయ్యవయ్యా, కూర్చోబెట్టే దగ్గర టైం పోతోంది" అని ఫోన్ వస్తుంది. ఖాళీ పెంచితే క్యాప్ హాయిగా దిగుతుంది, హాయిగా వచ్చేస్తుంది కూడా. మధ్యలో సిమెంట్ పొర మందమైపోతుంది. అసలు జింక్ ఫాస్ఫేట్, గ్లాస్ అయానమర్ లాంటి సిమెంట్లు 25 మైక్రాన్లకి మించని పల్చటి పొరగా పరుచుకోవాలని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. పల్చగా పరుచుకునేదాన్ని ఖాళీ పూడ్చడానికి వాడుతున్నాం.

ఇంకో సంగతి. జిర్కోనియా దిమ్మని ముందు సుద్దలా మెత్తగా ఉన్నప్పుడే, అసలు సైజు కంటే పెద్దగా చెక్కి, దాదాపు 1,500 డిగ్రీల వేడిలో కాలుస్తాం. అప్పుడు ఇరవై శాతం పైనే కుంచించుకుని అసలు కొలతకి వస్తుంది. పైన మెరుపు కోసం గ్లేజ్ వేస్తాం. ఆ గ్లేజ్ లోపలికి కారితే డాక్టరు గారు ఏ ప్రైమర్ రాసినా జిర్కోనియాకి కాదు, గ్లేజ్‌కి రాసినట్టే. మా బెంచీ మీద లోపల కారు నలుపు మార్కర్‌తో రంగేసి, పొడి కొట్టి, నలుపంతా పోయిందో లేదో చూసి పంపుతాను. ఒక మూల నలుపు మిగిలిందంటే అక్కడ పొడి తగల్లేదని తెలిసిపోతుంది.

ఈమ్యాక్స్‌కి ఆమ్లం ల్యాబ్‌లో పెట్టారా, క్లినిక్‌లో పెడతారా అని మాస్టారు అడిగి తెలుసుకోవడం మంచిది. రెండు చోట్లా పెట్టినా నష్టమే, ఎవరూ పెట్టకపోయినా నష్టమే. ఇంటి పనుల ఆమ్లం లాంటిది కాదది, చర్మం మీద పడితే ఎముక దాకా వెళ్తుంది. నోట్లో పెట్టకూడదు, బయట పెట్టి బాగా కడిగి తేవాలి.


అంబాజీపేట_మాస్టారు:

ఆయ్, ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండి. మా అబ్బాయి టార్చి వేసి చూశాడు, ఫోటో కూడా తీశాడు. తెల్లటి పొరంతా క్యాప్ లోపలే ఉంది, గోరుతో గీకినా రావడం లేదు. పన్ను మాత్రం నున్నగా, పసుపుగా ఉంది. ఒక పక్క చిగురుకి దాదాపు సమానంగా ఉంది, నాలుక వైపు కాస్త ఎత్తు. ఊడిన దగ్గర్నుంచి చల్లనీళ్ళు తాగినా జివ్వుమనడం లేదు. ఇప్పుడు రెసిన్ సిమెంట్ వేయించుకోమంటారా, వద్దంటారా? క్యాప్ అగ్గిపెట్టెలో దాచాను.


రాజోలు_పళ్ళ_డాక్టర్:

రూట్ కెనాల్ అయిన పన్ను కాబట్టి జివ్వుమనదు మాస్టారూ. దాన్ని చూసి బాగానే ఉందిలే అని వదిలెయ్యకండి. నొప్పి చెప్పదు కాబట్టి లోపల పుచ్చినా మీకు తెలీదు.

సిమెంట్ క్యాప్‌ని వదల్లేదు, పంటిని వదిలింది. అంటే సెరామిక్ వైపు పట్టు బాగానే ఉంది, ముందు చూడాల్సింది పంటినే. ఒక పక్క చిగురుకి సమానంగా ఉందంటున్నారు, అక్కడ క్యాప్ పట్టుకోవడానికి గోడే లేదు. ఇందులోకి ఖరీదైన సిమెంట్ పోసినా నాకు నమ్మకం లేదు. మీ డాక్టరు గారిని మూడు సంగతులు అడగండి. చిగురు పైన ఎన్ని మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలిందో కొలిచి చెప్పమనండి. పైన ఉన్న ఫిల్లింగ్ గట్టిగా ఉందా, కదులుతోందా చూడమనండి. ఎక్స్‌రేలో ఎముక ఎంత ఉందో చూసి, ఆ పక్క చిగురు కొంచెం కిందికి దింపే చిన్న ఆపరేషన్‌కి వీలుంటుందా అడగండి. వీలైతే గోడ బయటపడుతుంది. దానికి తోడు పంటికి రెండు పక్కలా నిలువుగా సన్నటి గాడి తీస్తే క్యాప్ పక్కకి ఒరగడం ఆగుతుంది. అప్పుడు పాత క్యాప్ సరిపోదు, కొత్తగా స్కాన్ తీసి చేయించాల్సిందే, ఖర్చవుతుంది. సిమెంటుకి పెట్టే అదనపు డబ్బు అక్కడ పెట్టడమే మంచిదని నా సలహా. గోడ తగినంత వస్తే కాకినాడ సార్ చెప్పిన సిమెంటే చాలు. రాకపోతే రెసిన్, అదీ పన్ను పొడిగా ఉంచగలిగిన చోట.

టెంపరరీ క్యాప్ లవంగ నూనె ఉన్న సిమెంటుతో పెడితే, తర్వాత రెసిన్ వేసేటట్టయితే ఆ నూనె దాన్ని సరిగ్గా గట్టిపడనివ్వదు. యూజినాల్ (లవంగ నూనెలో ఉండేది) లేనిది వాడమని ముందే చెప్పండి. అసలు అంటించే రోజు ప్యూమిస్ పొడితో మోడుని తోమి, కడిగి, దూదితో అద్ది ఆపమనండి. గ్లాస్ అయానమర్ వేసేటప్పుడు గాలి కొట్టి పన్నుని బొత్తిగా ఎండగట్టకూడదు.

ఈలోపు సూపర్ గ్లూ జోలికి వెళ్ళకండి, ఇక్కడ అలా అంటించుకుని వంకరగా బిగుసుకుపోయి వచ్చినవాళ్ళున్నారు. పడుకునేటప్పుడు, పాఠం చెప్పేటప్పుడు క్యాప్ పెట్టుకోకండి, గొంతులోకి జారే ప్రమాదం అప్పుడే. దాన్ని అగ్గిపెట్టెలోంచి తీసి మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యండి, నలిగితే అంచు లేచిపోతుంది. దగ్గరలో ప్రోస్తో డాక్టరు లేకపోతే భీమవరం, రాజమండ్రి డెంటల్ కాలేజీల్లో ఆ విభాగాలున్నాయి, పొట్టి పళ్ళ కేసులు అక్కడ రోజూ చూస్తారు. ఫోటో కూడా పట్టుకెళ్ళండి, క్యాప్ లోపల సిమెంట్ కనబడేది.

మీ ఆవిడ గారి పళ్ళ సంగతి. అంటించే ముందు రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పళ్ళ చుట్టూ కట్టే రబ్బరు తెర) వేస్తారా అని అడగండి. వేస్తామంటే నిశ్చింతగా చేయించుకోండి. ముందు పళ్ళకి ఎనామిల్ ఎంత మిగిలితే రెసిన్ అంత బాగా పట్టుకుంటుంది, కాబట్టి పన్ను ఎక్కువ అరగదీయొద్దని ఆవిణ్ణే చెప్పమనండి.


భీమవరం_ల్యాబ్_టెక్నీషియన్:

మాస్టారూ, కొత్త స్కాన్ పంపేటప్పుడు "పొట్టి మోడు, సిమెంట్ ఖాళీ తగ్గించండి" అని ల్యాబ్ స్లిప్ మీద రాయించండి. పాత క్యాప్ కూడా అదే పొట్లంలో పెట్టి పంపమనండి, ఏ పక్క లూజుగా ఉందో దాన్ని చూస్తే మాకు తెలుస్తుంది.